నేను చూడని గేటు

కొన్నేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పోలీసులు ఇంటికొచ్చేంత నేరం కాదు. నలుగురిలో చెబితే "ఓస్, ఇంతేనా" అని నవ్వేస్తారు కూడా. అందుకే ఎవరికీ చెప్పలేదు. నవ్వేస్తారేమోనని భయం. నవ్వకపోతే అంతకంటే భయం. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, ఆ ధైర్యంతో మీకు చెబుతున్నాను. మధ్యలో నేను కబుర్లలోకి జారుకుంటే చెయ్యి పట్టుకుని వెనక్కి లాగండి. జారుకోవడం నాకు అలవాటు.

మేము మంచు దేశంలో ఏజాక్స్ అనే ఊళ్ళో ఉంటాం. కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ చూసే పని చేసి రిటైరయ్యాను. జీవితమంతా ఇది బాగుంది, ఇది బాగాలేదు అని చెప్పి జీతం తీసుకున్నవాణ్ణి. ఆ బుద్ధి ఇంటికీ వచ్చింది. పార్టీల్లో పిల్లలు క్యూలో కాకుండా ప్లేటు పట్టుకొస్తే వెనక్కి పంపేవాణ్ణి. వాళ్ళు నాకు 'రూల్స్ అంకుల్' అని పేరు పెట్టారు. వెక్కిరింపని తెలుసు. అయినా లోపల లోపల మురిసిపోయేవాణ్ణి.

మాకు ఉత్తరాన, కాళ్ళకి స్కీ పలకలు కట్టుకుని మంచు మీద జారే కొండ ఒకటి ఉంది. కొండ అనడం మర్యాద కోసం, నిజానికి గుట్ట. లిఫ్టు కోసం నిలబడే సమయం ఎక్కువ, కిందికి జారే సమయం తక్కువ. అక్కడ శనివారం ఉదయాలు మాలాంటి పెద్దవాళ్ళకి ఒక రేసు లీగు నడుస్తుంది. మంచు మీద ఎర్రవీ నీలివీ పోల్స్ జతలుగా పాతుతారు. ఒక్కో జత ఒక గేటు. రెండు స్కీలూ ఆ పోల్స్ మధ్య నుంచే వెళ్ళాలి. ఒక్క గేటు తప్పినా ఆ పరుగు చెల్లదు. వయసును బట్టి కొన్ని సెకన్లు తగ్గిస్తారు, కాబట్టి లోకంలో అందరూ వయసు దాచుకుంటే మా లీగులో మాత్రం పెంచి చెప్పుకుంటారు. ఫలానా ఆయన స్కీల అడుగున ఖరీదైన వ్యాక్స్ రాశాడు, ఫలానా ఆవిడ బిగుతు రేసు సూటు వేసుకుంది, ఇది న్యాయమేనా అని కాఫీ దగ్గర పంచాయితీలు జరిగేవి. ఆ పంచాయితీల్లో పెద్ద గొంతు నాదే.

చూశారా, జారుకుంటున్నాను.

నేను అబద్ధం చెప్పిన ఆవిడ్ని సుభద్ర గారంటాను. అసలు పేరు అది కాదు. మా వీధి చివర ఇల్లు. మందుల షాపులో ఫార్మసిస్టుగా పనిచేసేవారు. భర్త లేరు. వాళ్ళమ్మగారు మతిమరుపు జబ్బుతో ఆవిడ ఇంట్లోనే చాలాకాలం మంచాన ఉండి కన్నుమూశారు. చివర్లో కూతురినే "ఎవరమ్మా నువ్వు, మీ అమ్మ వెతుక్కోదూ?" అని అడిగేవారట. అన్నీ అయ్యాక ఇంట్లో ఒక్కరే కూర్చోలేక, నాకూ స్కీయింగ్ నేర్పించండి అన్నయ్య గారూ అని వచ్చారు. నేనే నేర్పాను. చిన్నపిల్లలు జారే చోట, స్కీల ముందు కొసలు దగ్గరికి తెచ్చి పిజ్జా ముక్కలా పెట్టమని, భయమేస్తే కూర్చోమని. రెండు చలికాలాలు తిరిగేసరికి నాకంటే వేగంగా దిగడం మొదలుపెట్టారు. నేను అందరి ముందూ "నా శిష్యురాలండీ" అనేవాణ్ణి. ఆ మాట ఎంత సంతోషంతో అన్నానో, ఎంత కడుపుమంటతో అన్నానో ఇప్పుడు సరిగ్గా చెప్పలేను. రెండూ ఉండే ఉంటాయి.

మా లీగులో ఒక పద్ధతి ఉంది. గేట్లకు కాపలా కాయడానికి బయటివాళ్ళు రారు. తమ పరుగు ముగించుకున్నవాళ్ళే వంతులవారీగా కోర్సు పక్కన నిలబడి, తర్వాతివాళ్ళు గేటు తప్పారో లేదో చూడాలి. తప్పితే వాకీటాకీలో చెప్పాలి. దానికి రూలు ఒకటే. కళ్ళతో చూస్తేనే తప్పని చెప్పాలి, అనుమానం ఉంటే లాభం రేసరుకే. ఈ రూలు కొత్తవాళ్ళకి వేలు ఊపి మరీ చెప్పేది నేనే.

ఆ సీజన్‌లో ఆఖరి శనివారం. సన్నగా మంచు పడుతోంది. ఆకాశం తెలుపు, నేల తెలుపు, ఎత్తుపల్లాలు తెలియని వెలుతురు. నా పరుగు అయిపోయింది, అంతంతమాత్రం. కాపలాకి కిందివైపు నీలం గేటు దగ్గర నిలబడ్డాను. ఒకాయన దిగుతూ పోల్‌ని గుద్దితే అది వాలిపోయింది. నేను కోర్సులోకి వెళ్ళి దాన్ని నిలబెట్టి, గేటు బయటి పక్కనుంచి జారి మళ్ళీ నా చోటికి వచ్చాను. తర్వాతి రేసరుకి కాస్త వ్యవధి ఉంది. ఆకలేసింది. మా ఆవిడ నా జేబులో పెట్టిన పులిహోర డబ్బా, ఫ్లాస్కులో టీ ఉన్నాయి. నవ్వకండి, మనవాళ్ళు ఎక్కడికెళ్ళినా పులిహోర వస్తుంది. గ్లవ్స్ తీసి నాలుగు ముద్దలు తిన్నాను. టీ మూత తిప్పగానే ఆవిరి గాగుల్స్‌కి పట్టేసింది. గాగుల్స్ తీసి స్కార్ఫుతో తుడుస్తున్నాను. అప్పుడే స్కీలు మంచును కోసిన చప్పుడు వినిపించింది. తలెత్తేసరికి సుభద్ర గారి ఎర్ర జాకెట్టు నా గేటు తర్వాతి గేటు కూడా దాటిపోతోంది.

నేను చూడలేదు.

ఈ రెండు మాటలు వాకీటాకీలో చెప్పి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. ఎవరూ ఉరితీసేవారు కాదు. కానీ కాపలాలో ఉండి పులిహోర తింటున్నానని, రూల్స్ అంకుల్ తింటున్నాడని, ఎలా చెప్పను? గేటు వైపు చూశాను. బయటి పక్కన మంచులో తాజాగా ఒక స్కీ జాడ కనిపించింది. ఇంకేం ఆలోచించలేదు. "నీలం గేటు, మిస్" అన్నాను. గొంతు చాలా నమ్మకంగా వచ్చింది. అప్పటికి అది పొరపాటు. పొరపాటు అంటే నేను ఒప్పుకుంటాను, మీరూ ఒప్పుకోండి.

రేసు అయ్యాక పోల్స్ పీకడానికి గేటు దగ్గరికి వెళ్ళాను. ఆ జాడను దగ్గర్నుంచి చూశాను. పోల్ దగ్గర మొదలై, గేటు బయటినుంచి వంపు తిరిగి, నేను నిలబడిన చోటికి వచ్చి ఆగింది. అది నాదే. పోల్ నిలబెట్టి వస్తూ నేను గీసిందే. గేటు లోపల, అందరి జాడల మీదుగా, ఆఖరున దిగిన ఆవిడ జాడ లోతుగా, అందంగా, నేను నేర్పినదానికంటే అందంగా ఉంది. కింద లాడ్జిలో అందరూ ఉన్నారు, ఇంకా ఫలితాలు చదవలేదు. వెళ్ళి చెప్పడానికి కావలసినంత సమయం ఉంది. పోల్స్ భుజాన వేసుకుని దిగాను. దిగుతున్నంతసేపూ చెబుతాననే అనుకున్నాను. మీరు నమ్మాలి, నిజంగానే అనుకున్నాను.

లాడ్జిలో సుభద్ర గారు నా కోసం ఎదురుచూస్తున్నారు. బూట్లు కూడా విప్పలేదు. పక్కనే లీగు నడిపే గ్లెన్ అనే పెద్దాయన నిలబడి ఉన్నాడు.

"అన్నయ్య గారూ, నేను నీలం గేటు లోంచే వచ్చానండీ. పోల్ నా భుజానికి తగిలింది కూడా. నాకు బాగా గుర్తుంది."

గ్లెన్ నా వైపు తిరిగి మెల్లగా అడిగాడు. "ఆర్ యు ష్యూర్? లైట్ వాజ్ టెరిబుల్ అవుట్ దేర్."

ఎంత మంచి దారి చూపించాడు! వెలుతురు బాగాలేదు, కచ్చితంగా చెప్పలేను అంటే చాలు. పులిహోర మాట ఎత్తనక్కర్లేదు. కానీ మా చుట్టూ జనం ఉన్నారు, మనవాళ్ళూ ఉన్నారు, అందరూ రూల్స్ అంకుల్ ఏమంటాడా అని చూస్తున్నారు.

"ష్యూర్," అన్నాను. ఆవిడతో తెలుగులో, "బయటినుంచి వెళ్ళారమ్మా. వేగంలో తెలియదు, అలా అవుతుంటుంది," అన్నాను.

"మీరు చూశారా?"

"చూశాను."

ఆవిడ వాదించలేదు. వాదిస్తే బాగుండేది. వాదిస్తే నేను కోపం తెచ్చుకునేవాణ్ణి, కోపంలో నిజం బయటపడేదేమో. ఆవిడ వంగి బూట్లు విప్పుకుంటూ, "మీరు చూశానంటే అంతే అయ్యుంటుంది. నాకు మాత్రం లోంచి వచ్చినట్టే గుర్తుంది. విచిత్రం," అన్నారు. ఆ రోజు ఆవిడకు రావలసిన కప్పు ఇంకొకరికి వెళ్ళింది. సుభద్ర గారే ముందుగా చప్పట్లు కొట్టారు.

కప్పు సంగతైతే నేను ఇంత బాధపడను. ప్లాస్టిక్ కప్పు. కావాలంటే పది కొనిచ్చేవాణ్ణి.

తర్వాతి చలికాలం ఆవిడ లీగులో చేరలేదు. మోకాళ్ళు నొప్పి అన్నారు. నాకు హాయిగా అనిపించింది, ఎదురుపడక్కర్లేదు కదా అని. ఆ తర్వాత ఒక రోజు మా ఆవిడ వంటింట్లోంచి, "సుభద్ర గారు ఉద్యోగం మానేశారట, విన్నారా?" అంది. ఎందుకంటే, మందులు లెక్కపెట్టి ఇచ్చాక కూడా సరిగా ఇచ్చానా లేదా అని అనుమానమట. ఇంటికొచ్చాక షాపుకు ఫోన్ చేసి మళ్ళీ చూడమంటారట. వాళ్ళమ్మకు వచ్చిందే తనకూ మొదలైందని నమ్ముతున్నారట. డాక్టరు పరీక్షలన్నీ చేసి ఏమీ లేదన్నాడు. అమ్మకీ మొదట్లో ఇలాగే అన్నారని ఈవిడ అంటారట.

"ఎప్పట్నుంచి?" అని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

"ఆ రేసులో గేటు తప్పారు చూడండి, అప్పట్నుంచేనట. 'తప్పానని అన్నయ్య గారు కళ్ళారా చూశారు, నాకేమో లోంచి వెళ్ళినట్టు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. జబ్బు అక్కడే తెలిసింది వదినా' అన్నారు."

ఆ రాత్రి మొదలు నాకు నిద్ర పట్టడం లేదు. పట్టినా నిలవడం లేదు. ఎన్నిసార్లు ఆవిడ ఇంటిదాకా నడిచి వెళ్ళానో. వాకిట్లో మంచు తీస్తూ కనబడితే చెయ్యి ఊపి తిరిగొచ్చేశాను. ఏం చెప్పాలి? పులిహోర తింటూ మీ బుర్రను మీకు కాకుండా చేశానని చెప్పాలా? ఇప్పుడు చెబితే ఆవిడకు ఉద్యోగం తిరిగి వస్తుందా? చెప్పకపోతేనే ఆవిడకు మనశ్శాంతి కదా, అలవాటుపడ్డారు కదా, అని కూడా నాకు నేను చెప్పుకున్నాను. ఎంత సిగ్గుమాలిన తర్కమో చూడండి. డాక్టరు తీర్చలేని అనుమానాన్ని తీర్చగలిగినవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే. ఆ తీర్చగలిగినవాడు వీధి ఈ చివర కూర్చుని టీ తాగుతున్నాడు. అసలు నేను దేనికి భయపడుతున్నాను? ఆవిడ తిడతారనా? తిట్టరు. ఆవిడ నలుగురికీ చెబుతారనా? చెప్పరేమో. ఆవిడ నా మొహం చూసి, ఇన్నాళ్ళూ ఈ మనిషినా నేను నా కళ్ళకంటే ఎక్కువ నమ్మింది అనుకుంటారు. దానికి భయపడుతున్నాను.

గత వారం ఆవిడే మా ఇంటికొచ్చారు. కారులోంచి స్కీలు, బూట్లు దింపి గ్యారేజీలో పెట్టారు. కారు కూడా ఇక నడపనని, అమ్మేస్తున్నానని అన్నారు. కొత్తగా ఈ దేశానికి వచ్చినవాళ్ళు ఎవరైనా నేర్చుకుంటామంటే ఈ సామాను ఇవ్వమన్నారు. "మీరైతే చూసి, అవసరమైనవాళ్ళకే ఇస్తారు అన్నయ్య గారూ." మా ఆవిడ పేరు చెప్పడానికి ఒక్క క్షణం తడుముకున్నారు. ఎవరైనా తడుముకుంటారు. నేను రోజుకు నాలుగుసార్లు తడుముకుంటాను. ఆవిడ మాత్రం బెదిరిపోయి నా మొహంలోకి చూశారు, నేను గమనించానా అని. అప్పుడు కూడా టీ తాగి వెళ్ళండమ్మా అన్నాను.

ఆ స్కీలు చలికాలపు టైర్ల పక్కన నిలబడి ఉన్నాయి. ఎవరికీ ఇవ్వలేదు. కారును చూడడానికి ఎవరో ఆదివారం వస్తారట. ఆలోగా వెళ్ళాలి. వెళతానని మీకు మాటివ్వను, నా మాట విలువ మీకు తెలిసిపోయింది. పేరు లేకుండా మీకు రాయడం కూడా ఒక రకం పిరికితనమేనని నాకు తెలుసు. కానీ ఈ మాటలు ఇంతవరకు ఒక్కసారి కూడా నా లోపలినుంచి బయటికి రాలేదు. ఇప్పుడు వచ్చాయి, గుండె కొంచెం నెమ్మదిగా కొట్టుకుంటోంది. క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. ఆవిణ్ణి కూడా అడగకూడదనుకుంటున్నాను. అడిగితే మళ్ళీ నా గురించే అవుతుంది. గుమ్మంలో నిలబడి చెప్పాల్సింది ఇంతే, ఏడవకుండా, సాకులు చెప్పకుండా చెప్పాలి.

సుభద్ర గారూ, ఆ రోజు నేను చూడలేదు. చూశానని అబద్ధం చెప్పాను. మీరు గేటు లోంచే వెళ్ళారు. మీకు సరిగ్గానే గుర్తుంది.