మా దండెం మీద మిల్లు పంచె

"మిల్లాయన పోయేరే. కుదిరితే బయల్దేరి రా."

పోయిన వారం పొద్దున్నే అమ్మ ఫోన్లో చెప్పింది ఈ రెండు ముక్కలే. అమలాపురంలో మా ఇంట్లో పొయ్యి కట్టేసి, బస్సెక్కి, కొత్తపేట అవతల మా ఊళ్ళో దిగేదాకా నాకు ఏడుపు రాలేదు. దిగి నాలుగడుగులు వేశాక మిల్లు చప్పుడు లేదని తెలిసింది. అక్కడ వచ్చింది. రోడ్డు మీద నిలబడి ఏడుస్తుంటే ఎవరో సైకిలాపి, "మీవాళ్ళేనాండి?" అని అడిగారు. అవునన్నాను.

నిజానికి ఆయన మాకు చుట్టం కాదు. మా పెరటి గోడకి అవతల ఉన్న ఉప్పుడు బియ్యం మిల్లు ఆయనది. అమ్మని అక్కయ్యగారూ అనేవారు కాబట్టి నాకు మావయ్యగారు. మిల్లు మావయ్యగారు అని పిలిచేదాన్ని.

దినాలు కాకముందే మిల్లు గచ్చు మీద సంతాప సభ పెట్టారు. ఒక పెద్దమనిషి మైకు పుచ్చుకుని ఆయన్ని పర్యావరణ ప్రేమికుడన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ధాన్యం ఆరబోసే ఈ గచ్చు కోసం ఆయన ఒక వరస కొబ్బరి చెట్లు కొట్టించారు. పర్యావరణం అన్న మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. ఈమధ్య పెద్ద కంపెనీలు గేటు మీద పచ్చటి ఆకు బొమ్మ వేయించి, ప్రకృతిని కాపాడతామని రాయించుకుంటున్నాయి. ఈయన గేటుకి రంగు కూడా సరిగ్గా ఉండేది కాదు. ఆయన చేసింది ప్రేమ వల్ల కాదు, సిగ్గు వల్ల. అంత సిగ్గుపడగలిగిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

తొంభైల మొదట్లో మాట. ధాన్యం ఉడకబెట్టే బాయిలరులో ఊక తగలేసేవారు. ఆ పొగతోపాటు నల్లటి నుసి లేచి మా వీధంతా పడేది. ఆరేసిన బట్టల మీద, అప్పడాల మీద, ఆరుబయట పడుకున్న వాళ్ళ మొహాల మీద. పెరుగన్నంలోకి మిరియాలు మనం కొనక్కర్లేదని నాన్న వేళాకోళం చేసేవారు. అమ్మకి మాత్రం నవ్వొచ్చేది కాదు. ఒకరోజు ఉతికిన దుప్పటి చేత్తో పట్టుకుని వెళ్ళి ఆయన స్కూటరుకి అడ్డంగా నిలబడింది.

"ఏవండీ, ఇది దుప్పటా, మసిగుడ్డా? మీరే చెప్పండి."

"ఆయ్, గాలి నా మాట వింటుందేంటండీ అక్కయ్యగారూ!" అని నవ్వి, స్కూటరు పక్కనించి పోనిచ్చుకుని వెళ్ళిపోయారు. చెడ్డమనిషి కాదు. అందరు మిల్లు వాళ్ళూ అలాగే అనేవారు, ఆయనా అన్నారు.

ఆ వేసవిలోనే అమ్మ మిట్టమధ్యాహ్నం వడియాలు తీస్తుంటే కంట్లో నుసి పడింది. నలుపుకుంది. చన్నీళ్ళతో కడుక్కుంది. ఏముంది, అదే పోతుందనుకుంది. తెల్లారేసరికి కన్ను చింతనిప్పయింది. ఇంట్లో వైద్యాలన్నీ అయ్యాక అమలాపురం తీసుకెళ్తే, అక్కడి డాక్టరు కాకినాడ వెళ్ళమన్నారు. నల్లగుడ్డు మీద పుండు పడిందన్నారు. పుండు మానింది గానీ చూపు రాలేదు. ఎడమ కంటి మీద తెల్లటి పొర ఉండిపోయింది.

కాకినాడ నుంచి తిరిగొచ్చిన మర్నాడు మావయ్యగారు వచ్చారు. వీధి అరుగు చివర కూర్చున్నారు. నాన్నే జాలిపడి, "మా ఖర్మండి, ఎవరేం చేత్తారు," అన్నారు.

"ఖర్మ కాదండి. నా మిల్లు నుసి," అన్నారాయన.

ఆ మాట ఊరంతా పాకింది. తోటి మిల్లుల వాళ్ళు వచ్చి ఆయన్ని చివాట్లు పెట్టారట. నోటితో ఒప్పుకుంటే రేపు అందరి మీదా పడతారని వాళ్ళ భయం. ఆయన ఆ మాట వెనక్కి తీసుకోలేదు. ఆ రోజు అరుగు మీదే ఆయన డబ్బు సంగతి ఎత్తబోతే నాన్న చెయ్యి అడ్డం పెట్టారు. అంతా అయ్యాక లోపల తలుపు పక్కనించి అమ్మ గొంతు వినిపించింది.

"కన్ను తెచ్చిస్తారా?"

ఆయన తల దించుకుని మెట్లు దిగి వెళ్ళిపోయారు. అమ్మ ఆయనతో మాట్లాడింది అంతే. ఆ తర్వాత ఏళ్ళకేళ్ళు మాట్లాడలేదు.

ఆ సాయంత్రమే బాయిలరు ఆగిపోయింది. తొట్లలో నానబోసిన ధాన్యం ఉండగా, సీజను మధ్యలో, ఏ మిల్లు వాడూ చెయ్యని పని. ధాన్యం పులిసి ఊరంతా కంపు కొట్టింది. పనివాళ్ళంతా గేటు దగ్గర చేరారు. గోడ మీంచి నేను చూస్తున్నాను. ధాన్యం తిరగబోసే ఒకామె ముందుకొచ్చి, "నుసి సంగతి సరేనండి బాబూ, మరి మా కూలెలాగండి?" అని నిలదీసింది.

"ఆగిన రోజులకీ కూలి మిల్లే ఇస్తాదమ్మా. ఇంకోటి వినండి. రేపు పొగగొట్టం బాగుచేసేక కూడా, నుసి బయటికి పోతుందని మీలో ఎవరికి కనబడినా బాయిలరు ఆపించెయ్యండి. నన్నడగక్కర్లేదు."

పనివాళ్ళతో ఆయన చేసుకున్న ఒప్పందం అదే. కాగితం లేదు, సంతకం లేదు. రాజమండ్రి నుంచి మేస్త్రిని పిలిపించి పొగ పోయే దారిలో పెద్ద ఇనప పీపా పెట్టించారు. అది సగం నుసినే పట్టింది. అప్పుడు నీళ్ళు చిమ్మే గది కట్టించారు, గొట్టం ఎత్తు పెంచారు. అది పనిచేసిందో లేదో తెలిసేదెలా? అందుకే ఒక పొద్దున్న, పిండిన తెల్ల పంచె భుజాన వేసుకుని మా పెరటి గుమ్మం దగ్గర నిలబడి దగ్గారు.

"మీ దండెం మీద ఇది ఆరేసుకోవచ్చాండి? తడిగుడ్డకైతే నుసి ఇట్టే అంటుకుంటాది," అని నాన్నని అడిగారు. నాన్న లోపలికి చూశారు. అమ్మ పలకలేదు. వద్దని కూడా అనలేదు.

ఆ రోజు మొదలు. పొద్దున ఆరెయ్యడం, సాయంత్రం వచ్చి తీసి, రెండు చేతుల మీదా పరుచుకుని, పడమటి వెలుగుకేసి పట్టి చూడడం. గుమ్మం అవతలే చెప్పులు విడిచి, లోపలికి వచ్చేముందు తప్పనిసరిగా దగ్గేవారు, అమ్మ పెరట్లో ఉంటే తప్పుకోవడానికి వీలుగా. అమ్మ తప్పుకునేది. పోతూ పోతూ తన చీరల్ని దండెం ఆ చివరికి లాగేసుకునేది. పంచె మీద చుక్కలు కనిపిస్తే ఆయన ఏమీ అనేవారు కాదు. మర్నాడు మిల్లు చప్పుడు వినిపించేది కాదు, మాకు అలా తెలిసేది.

ఊళ్ళో వాళ్ళు నవ్వుకున్నారు. మిల్లాయనకి ఇంట్లో దండెం లేదు పాపం అన్నారు. ఒకసారి కాకి రెట్ట వేస్తే, నాన్నకి చూపించి, "ఇది మాత్రం నాది కాదండి," అని ఆయనే పగలబడి నవ్వారు. వంటింట్లో అమ్మ మూతి బిగించుకోవడం నేను చూశాను. అది నవ్వాపుకోవడమేనని నాకు ఇప్పటికీ నమ్మకం. ఇంకోసారి పంచె మీద పడిన నుసి మా పొయ్యిదేనేమో అని నాన్న అంటే, "అయితే మంచిదే. ఎందుకైనా చూసుకుంటానండి," అని వెళ్ళి మిల్లాపించారు.

నానబోసిన నీళ్ళని కాలవలోకి వదలడం కూడా ఆయనే మానుకున్నారు. మిల్లు వెనక గోతులు తవ్వించి, ఒక గోతిలోంచి ఇంకో గోతిలోకి తేరనిచ్చి, తన కొబ్బరి చెట్లకే పెట్టుకున్నారు. "మన వాకిట్లో ఉంచుకోలేనిది పక్కవాడి వాకిట్లో పొయ్యకూడదు," అనేవారు. ఈ మాట నేను కాలేజీలో చదువుకున్న ఏ పాఠం కన్నా ఎక్కువ గుర్తుంచుకున్నాను. ఇప్పటికీ మా మేడ మీంచి చెత్త కింద పడేసే వాళ్ళతో ఈ మాట అనే గొడవ పెట్టుకుంటాను.

దీనివల్ల ఆయనేమీ బాగుపడిపోలేదు. చుట్టుపక్కల మిల్లులు పెద్దవయ్యాయి, ఈయనది అలాగే ఉండిపోయింది. నుసి ఇటుకల బట్టీలకీ పొలాలకీ తోలించడం, ఆగిన రోజుల కూలీ, నీళ్ళు చిమ్మే మోటారు, అన్నీ మీద పడ్డాయి. ఆయన కొడుకు మిల్లు చూసుకోవడం మొదలెట్టాక ఒకసారి మా పెరట్లోనే తండ్రితో గొడవపడ్డాడు.

"ఎన్నాళ్ళు నాన్నా ఈ పంచె? అంతా బాగానే ఉంటుంది కదా!"

"బాగానే ఉందని మనం అనుకుంటే సరిపోదురా. ఆవిడ అనాలి."

అమ్మ అనలేదు. నాన్న పోయినప్పుడు మావయ్యగారు పాడె మోశారు. అప్పుడూ అమ్మ మాట్లాడలేదు. అమ్మది కఠినమైన మనసని మీరనుకుంటే నేనొప్పుకోను. సూదిలో దారం ఎక్కించడానికి పక్కింటి వాళ్ళని పిలవాల్సి వచ్చిన ప్రతిసారీ ఆవిడ మొహం ఎలా మారేదో చూసినదాన్ని. ఇద్దరి మీదా జాలి వేసేది నాకు. ఒక్క మాటకి ఆయన ఎంత ఎదురుచూస్తున్నారో ఆ దగ్గులో తెలిసిపోయేది.

పోయిన ఏడాది ఆయన మంచాన పడ్డారు. పంచె ఆరేసే పని కొడుకుది అయింది. నేను పండక్కో పబ్బానికో వెళ్ళినప్పుడు చూసేదాన్ని. గొణుక్కుంటూనే వచ్చేవాడు గానీ మానలేదు.

సంతాప సభ అయ్యాక జనం వెళ్ళిపోయారు. కొడుకు కుర్చీలు సర్దిస్తూ నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"వదినా, అత్తయ్యగారు మీకు చెప్పేరా?"

"ఏంటి?"

"నాన్న పోయే ముందు రోజు ఆవిడ మా ఇంటికి వచ్చేరు. ఎప్పుడైనా వచ్చేరా, మీరే చెప్పండి. తిన్నగా మంచం దగ్గరికి వెళ్ళి, 'ఏవండీ, మీ మిల్లు నుసి మా పెరట్లో పడతంది,' అన్నేరు. నాన్నకి అప్పటికి మాట పడిపోయింది. కళ్ళు తెరిచి ఆవిణ్ణి చూసేరు. తర్వాత నా వైపు చూసి చెయ్యెత్తేరు. ఆపించెయ్యమని."

"ఆపించావా?"

"ఆపించకుండా ఉంటానా వదినా? ఆపించి, మీ పెరట్లోకి పరిగెత్తేను. పంచె చూసేను. మల్లెపువ్వులా ఉంది. ఇటు తిప్పేను, అటు తిప్పేను, దండెం తడిమేను. ఎక్కడా చుక్క లేదు."

అన్నేళ్ళు మూసుకున్న నోరు తెరవడానికి అమ్మకి ఇంకే మాటా దొరకలేదు. బాగుందని చెప్పడం ఆవిడకి రాలేదు. క్షమించానని చెప్పడం ఇష్టం లేదేమో కూడా. ఆయన చెయ్యగలిగిన పని ఒకటి ఆయన్ని అడిగింది. ఆయన చేశారు.

"మరి అమ్మనడిగావా, నుసెక్కడుందని?"

"అడుగుదామనే మా ఇంటికి తిరిగొచ్చేను వదినా. గుమ్మంలోనే ఆగిపోయేను. నాన్న కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. అత్తయ్యగారు మంచం పక్కన స్టూలు వేసుక్కూచుని విసనకర్రతో విసురుతున్నేరు. నన్ను చూసి, మాట్లాడకని చేత్తో సైగ చేసేరు."

మిల్లాగిపోయిన ఆ సాయంత్రం వాళ్ళింట్లో ఇంకే చప్పుడూ లేదట. ఆయనకి నిద్ర పట్టాక కూడా అమ్మ చాలాసేపు విసురుతూనే ఉందట.