మీ ఇష్టం సార్

కళావతికి కొత్త మేనేజరు మొహం చూస్తేనే ఒళ్లు మండేది. అందులో దాపరికమేమీ లేదు. గద్వాలలో ఆ చేనేత సంఘం షెడ్డు తెరిచిన నాటి నుంచి, అంటే ఇరవై రెండేళ్లుగా ఆమె అక్కడ ఉంది. పదకొండు గుంట మగ్గాల్లో ఏది మొరాయిస్తోందో చప్పుడు విని చెప్పేస్తుంది. పాత మేనేజరు కురుమయ్య చూపు మందగించి ఇంటిపట్టున ఉండిపోయినప్పుడు, ఆ కుర్చీ కళావతిదేనని షెడ్డులో అందరూ అనుకున్నారు. ఆమె కూడా అనుకుంది. డైరెక్టర్లు మాత్రం వనపర్తిలో టైల్స్ షోరూం చూసుకున్న విజయ్ అనే ముప్పై ఏళ్లవాణ్ణి తెచ్చి కూర్చోబెట్టారు. బండలమ్మినవాడు చీరలు నేయిస్తాడట!

నేయించాడు కూడా, తన పద్ధతిలో. రోజూ పొద్దున్నే అందరినీ వరుసగా నిలబెట్టి "ఈ రోజు మీ టార్గెట్ ఏంది?" అని అడిగేవాడు. మోకాళ్లు పట్టేసిన మనుషులు ఒకరి మొహాలొకరు చూసుకునేవారు. "నేసుడు సార్" అన్నాడు గోవిందు మొదటిరోజు. రెండో రోజూ అదే అన్నాడు. మూడో రోజు వేరే ఏం చెప్పాలో తెలియక అదే గట్టిగా అన్నాడు. చీరను విజయ్ 'ప్రాడక్టు' అనేవాడు. గుంటలో కాళ్లు పెట్టి నేయడం చూసి, "కుర్చీలు తెప్పిస్తే ఫ్రీగ కూసోవచ్చు కద?" అని సలహా ఇచ్చాడు.

"కుర్చీల కూసుంటే కింద చెక్కలు ఎవరు తొక్కుతరు, వాళ్ల నాయనా?" అంది కళావతి, ఆయన అటు వెళ్లాక.

ఇలాంటివాడితో వాదించడం దండగని ఆమె ఒక మాట పట్టుకుంది: మీ ఇష్టం సార్. చూస్తుండగానే షెడ్డంతా అదే మాట పట్టుకుంది. ఆ షెడ్డులో అంతకు మించిన తిట్టు లేదు. నీతో మాట్లాడేదేముంది, నీ చావు నువ్వు చావు అని దాని అర్థం. కురుమయ్యతో ఎవరూ ఎన్నడూ ఆ మాట అనలేదు. ఆయనతో గొంతులు చించుకుని పోట్లాడేవారు. విజయ్‌కు మాత్రం అది మర్యాదగా వినిపించింది. "మా టీమ్ బంగారం సార్, ఒక్కరు ఎదురు చెప్పరు" అని డైరెక్టర్లకు ఫోన్లో మురిసిపోతూ చెబుతుంటే, కళావతి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

ఏడో మగ్గం బాలనాగమ్మది. ఆపరేషనై మూడు నెలలుగా ఆమె పనికి రావడం లేదు. ఉండేది అద్దె గది, అందులో మగ్గం వేసుకునే జాగా లేదు. నెలాఖరులోగా ఏడో మగ్గం మీది నుంచి ఒక్క చీరైనా దిగకపోతే దాన్ని వేరేవాళ్లకు ఇచ్చేస్తామని సంఘం కాగితం పంపింది. "పరేషాన్ గాకు. సోమవారం రా. ఇంక పది దినాలుంటయి. రెండు దినాల్ల నేను పోగులు అతుకుత, ఏడు దినాల్ల నువ్వు చీర దించు" అని కళావతి ఆమెకు మాటిచ్చింది.

పాత పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోయినప్పుడు చివరి జానెడు పోగులను మగ్గం మీదే వదిలేస్తారు. కొత్త పడుగును పోగు పోగునా ఆ పాతవాటికి బూడిద అద్దుకున్న వేళ్లతో మెలిపెట్టి అతుకుతారు. పాతది లాగితే కొత్తది వెంట వచ్చేస్తుంది. ఆ జానెడు లేకపోతే నాలుగు వేల పోగులనూ ఒక్కొక్కటిగా మళ్లీ మగ్గంలోకి దూర్చాలి. రెండు రోజుల పని పన్నెండు రోజులవుతుంది. ఈ సంగతి షెడ్డు ఊడ్చే జమ్ములమ్మకు కూడా తెలుసు.

సోమవారం డైరెక్టర్లు వస్తున్నారని, శనివారం విజయ్ శుభ్రం పనిలో పడ్డాడు. కత్తెర పట్టుకుని ఒక్కో మగ్గం చుట్టూ వేలాడే దారపు ముక్కలు కత్తిరిస్తూ ఏడో మగ్గం దగ్గర ఆగాడు.

"కళావతమ్మా, ఈ ముక్కలేంది? తీసేస్తే మంచిగుంటది కద?"

మగ్గాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. అందరూ కళావతి వైపు చూశారు. నోటి దాకా వచ్చింది మాట. బాలనాగమ్మ కూడా గుర్తొచ్చింది. కానీ సోమవారం డైరెక్టర్ల ముందు వీడి మొహం ఎలా మాడుతుందో, వీణ్ణి మెడపట్టి ఎలా గెంటుతారో కళ్లకు కట్టింది. అది చాలా తియ్యగా ఉంది.

"మీ ఇష్టం సార్" అంది.

విజయ్ పోగులన్నీ కత్తిరించి, లాగి, ఉండ చుట్టి చెత్తబుట్టలో వేశాడు. ఆయన వెనక షెడ్డంతా కిసకిసలాడింది. కళావతి అందరికంటే ఎక్కువ నవ్వింది.

సోమవారం బాలనాగమ్మ మగ్గానికి పెట్టడానికి పసుపు కుంకుమ పొట్లాలతో వచ్చి, బోసిపోయిన మగ్గాన్ని చూసి అక్కడే కూలబడింది. ఆ ముక్కలు కోస్తే ఏమవుతుందో గోవిందు నసుగుతూ విజయ్‌కు చెప్పాడు. అంతలో డైరెక్టర్లు రానే వచ్చారు. వాళ్లు నోరు తెరవకముందే ఆయనే ముందుకు వెళ్లాడు.

"తప్పు నాది సార్. నాకు తెల్వక కోసేసిన. ఆమెకు జర టైమియ్యండి."

"కోసే ముందు ఎవర్నన్న అడగొద్దా?" అని కసిరాడు పెద్ద డైరెక్టరు శివశంకర్.

విజయ్ కళావతి వైపు ఒక్కసారి చూశాడు. ఇప్పుడు తన పేరు చెబుతాడనుకుంది ఆమె.

"అడగలే సార్" అన్నాడు.

శివశంకర్ మెత్తబడలేదు. మగ్గం కోసం ఎనమండుగురు ఎదురు చూస్తున్నారనీ, గడువు గడువేననీ తేల్చేశాడు. మేనేజరుకు నాలుగు చీవాట్లు, అంతే. ఎవరూ ఎవరి మెడా పట్టి గెంటలేదు. పోయింది బాలనాగమ్మ మగ్గం ఒక్కటే.

ఆమె ఏడవలేదు. పొట్లాలు కొంగున ముడేసుకుని లేచి, కళావతి దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

"శనివారం నువ్వు పనికి రాలేదా అక్కా?"

రాలేదని చెప్పేయొచ్చు. షెడ్డులో ఒక్కరు కూడా కాదనరు. బండలమ్మినవాడే అబద్ధమాడి తనను కాపాడాడన్న సిగ్గు కళావతిని ఆ మాట అననివ్వలేదు.

"వచ్చిన" అంది. "ఈడ్నే ఉన్న. నన్ను అడిగిండు. నేనే చెప్పలే."

బాలనాగమ్మ ఆమె మొహంలోకి కాసేపు చూసింది. ఇన్ని రోజులూ కళావతి విజయ్‌ను చూసిన చూపు అది. "గట్లనా" అని, చెప్పులేసుకుని బయటికి నడిచింది.