రెండు రోకళ్లు, ఒక ఆటవెలది

మా చిన్నప్పుడు... వాకిట్లో ఒకే రోటి దగ్గర అటు అవ్వ, ఇటు నేను నిలబడి ఒడ్లు దంచేవాళ్లం. అవ్వ అంటే మా అమ్మ. ఆమె రోకలి లేస్తుంటే నాది పడాలి, నాది లేస్తుంటే ఆమెది పడాలి. ఆ సందులోనే ఆమె ఎడమ చెయ్యి రోట్లోకి పోయి, చెదిరిన గింజల్ని తోసి బయటికి వచ్చేది. అంత ధైర్యం ఎక్కడిదంటే... పాట. పాట తప్పనంతవరకు రోకలి తప్పదు.

ఆ ఏడు నాది పదో తరగతి. మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేనే. హాఫియర్లీలో అన్నీ గట్టెక్కి, తెలుగులో తప్పాను.

"మల్ల గిట్లనే ఫెయిలయితే బడి బంద్" అన్నాడు బాపు, మా నాన్న. "బెల్లంపల్లిల మీ చిన్నమ్మ చంటిపిల్లను ఎత్తుకునేటోళ్లు లేక పరేషాన్ అయితుంది. ఆడికి పోదువు."

నన్ను ముంచింది ఆటవెలది. ఉత్పలమాలకు పాదానికి ఇరవై అక్షరాలు, చంపకమాలకు ఇరవై ఒకటి... లెక్కపెడితే సరిపోయేవి. ఆటవెలదిలో మాత్రం ఒక పద్యం మొదటి పాదంలో పన్నెండు, ఇంకో పద్యంలో అదే చోట పదిహేను! నా లెక్కే తప్పనుకుని చెరిపి మళ్లీ లెక్కపెట్టేదాన్ని. సారును అడిగితే "సూర్య గణాలు, ఇంద్ర గణాలు బట్టీ కొట్టు, గంతే" అన్నారు. కొట్టాను. అయినా ఒకే పద్యం ఇన్ని తీర్లుగా ఎట్లా ఉంటుందో అర్థం కాలేదు. ఇంట్లో అడుగుదామంటే అక్షరం వచ్చినవాళ్లు లేరు.

సోమవారం ప్రీఫైనల్. శనివారం మధ్యాహ్నం చేతులు దంచుతున్నాయి, మనసు అక్షరాలు లెక్కపెడుతోంది. అవ్వ పాడుతూనే ఉంది... నేను వినడం మానేశాను.

నా రోకలి ముందే దిగింది. అవ్వ వేళ్లు ఇంకా రోట్లోనే ఉన్నాయి.

ఆమె చెయ్యి బయటికి లాక్కుంది. రోట్లో బియ్యం ఎర్రబడ్డాయి.

బాపు పొలం నుంచి వచ్చి చూసి, నా పుస్తకాలు తీసి అటక మీదికి విసిరాడు. "సదువు సదువని తల్లి చెయ్యి పలగ్గొట్టె! రేపు పొద్దుగాల బస్సుకే బెల్లంపల్లి!"

అవ్వ చేతికి గుడ్డ చుట్టుకుంటూ బాపును అడిగింది: "దెబ్బ నాకు తాకిందా, నీకు తాకిందా?"

"నీకే."

"మరి నువ్వెందుకు మొత్తుకునుడు? సోమారం పరీక్ష రాయనియ్యి. తప్పితే నువ్వే తోలుకపో, నేను నోరు తెరువ."

బాపు బయటికి పోయాడు. నేను అవ్వ కాళ్ల దగ్గర కూలబడ్డాను.

"గంతగనం ఏం లెక్కవెడుతున్నవే?" అంది. ఏడుస్తూ చెప్పాను... అక్షరాలు ఒక్కతీరుగా రావడం లేదని.

"దంచేటప్పుడు అక్షరాలు ఎవలు లెక్కవెడ్తరే పిచ్చిదానా? పసుపు అన్నా, ఒడ్లు అన్నా రోకలి ఒక్కసారే కదా పడేది! అది దిగేయాళ్లకు మాట అయిపోవాలె, గంతే."

లేచి రోకలి పట్టుకున్నాను. పసుపు... ఒక దెబ్బ. ఒడ్లు... ఒక దెబ్బ. మూడు లఘువులు పరుగెత్తినా, ఒక గురువూ ఒక లఘువూ నడిచినా పట్టే సేపు ఒక్కటే. రెండూ సూర్య గణాలే! ఇంద్ర గణం దగ్గర రోకలి ఇంకొంచెం ఎత్తుకు లేస్తుంది... అంతే తేడా. ఏడుస్తూనే, బియ్యం తీసేసిన ఖాళీ రోటిని దంచాను.

"ఉత్త రోలు పలుగుతది, ఇగ ఆపు తల్లీ!" అంది అవ్వ. అంత నొప్పిలోనూ నవ్వింది.

పాసయ్యాను. బెల్లంపల్లి తప్పింది. కానీ అవ్వ వేళ్లు రెండు వంకరపోయాయి, ఆమె మళ్లీ రోకలి పట్టలేదు. మా ఒడ్లు కూడా మర ఆడించే గిర్నికి పోయాయి.

తర్వాతెప్పుడో నోట్‌బుక్ పట్టుకుని "ఆ పాట జర పాడవే అవ్వా, రాసుకుంట" అని కూర్చున్నాను. రెండు చరణాల దగ్గర ఆగిపోయింది. "చేతులు ఆడకుంటే నోట్లెకు రాదు బిడ్డా..."

ఇప్పుడు ఏ పద్యమిచ్చినా గణాలు విడగొడతాను. ఆ మూడో చరణం మాత్రం ఎక్కడా దొరకడం లేదు. అడగని ఊరు లేదు... దంచే ఇల్లే లేదు.

మీ ఇంట్లో దంచిన చేతులు ఇంకా ఉంటే, ఈ రోజే పక్కన కూర్చుని అడగండి. గుర్తొచ్చిన ఒక్క ముక్కైనా కింద రాయండి... మా అవ్వకు చదివి వినిపిస్తాను. ఏదో ఒక మాట దగ్గర ఆమె అందుకుంటుందేమో...