జీపులో పొదిగిన కోడి

నా చిన్నప్పుడు మా ధర్మవరం ఇంటి పెరట్లో ఒక కోడిపెట్ట ఏకంగా జీపునే కదలనివ్వలేదు. నవ్వితే నవ్వండి, జరిగింది మాత్రం అదే.

ఆ జీపు మా తాతది. పెనుకొండకూ కదిరికీ మనుషుల్ని ఎక్కించుకుని బాడుగకు తిప్పేవాడు. పెళ్ళివాళ్ళు, తిరునాళ్ళకు పోయేవాళ్ళు, చీరల మూటలు పట్టుకుని సంతకు పోయేవాళ్ళు, అందరూ దాంట్లో ఎక్కినవాళ్ళే. సాయంత్రం వీధి మలుపులో దాని చప్పుడు వినబడితే చాలు, మా అవ్వ తాత స్నానానికి పొయ్యి మీద నీళ్ళు పెట్టేది. తాత మంచం పట్టాక జీపు కూడా పెరట్లో మూలపడింది. చక్రాల్లో గాలి పోయింది, అడుగు రేకు తుప్పు పట్టి కింది నేల కనబడేది. తాత పోయి నెల తిరిగీ తిరక్కముందే దాని మీద ఇంట్లో రచ్చ మొదలైంది.

దాన్ని బాగు చేయించి మళ్ళీ రోడ్డెక్కించాలని మా నాయన పట్టుబట్టాడు. అందుకోసం ఉన్న రెండు మగ్గాల్లో ఒకటి అమ్మేస్తానన్నాడు. ఇంటిల్లిపాదీ ఆ రెండు మగ్గాల మీదే బతుకుతున్నాం. మా అమ్మకు అది ఇష్టం లేదు, కానీ తండ్రి పోయిన మనిషితో ఏం వాదిస్తుంది? మా చిన్నాయన అడ్డం తిరిగాడు. పాత ఇనుము కొనే గుజిరీ ఆయనకు ఇచ్చేద్దామన్నాడు. నాయన గుర్తును తూకానికేస్తావా అని మా నాయన, ఉండే కూడు పోగొడతావా అని చిన్నాయన. ఆ రోజు నుంచి అన్నదమ్ములిద్దరూ ఒకే గదిలో పక్కపక్క మగ్గాల్లో కూర్చుని నేస్తూ కూడా మాట్లాడుకోలేదు. వంటింట్లోకి మగ్గాల చప్పుడు తప్ప ఇంకేమీ వినబడేది కాదు. పిల్లలం మేము కూడా గుసగుసగా మాట్లాడుకునేవాళ్ళం.

ఒక రోజు పొద్దున్నే నేను పెరట్లోకి పోయేసరికి మా అవ్వ చంకలో గంప పెట్టుకుని జీపు వెనక సీటులోకి ఎక్కుతూ కనబడింది. గంపలో గడ్డి, గడ్డిలో గుడ్లు. రెండో చేతిలో మా ఎర్ర కోడిపెట్ట. గుడ్ల మీద దాన్ని కూర్చోబెట్టి, రెక్కలు సర్ది, నా వైపు తిరిగి నోటి మీద వేలు పెట్టింది. పొదిగే గంపలో చిన్న ఇనుప ముక్క పెట్టడం మా ఇళ్ళల్లో ఆనవాయితీ, ఉరుములకు గుడ్లు చెడిపోకుండా. ఇనుము పెట్టలేదేమని అడిగాను. "ఇంత ఇనుము ఉండాది కదే పిచ్చిదానా, ఇంగేం పెట్టేది!" అని నవ్వింది. తాత పోయాక అవ్వ నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి.

ఆ మధ్యాహ్నమే చిన్నాయన పిలిపించిన గుజిరీ ఆయన ఎద్దులబండీ మోకులూ తీసుకుని వచ్చాడు. అదే సమయానికి మా నాయన కూడా హిందూపురం నుంచి ఒక మెకానిక్కును వెంటబెట్టుకుని వచ్చాడు. ఇద్దరూ పెరట్లో ఎదురుపడ్డారు. ఇక కొట్టుకుంటారేమోనని మా అమ్మ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. మా అవ్వ మాత్రం తాపీగా వచ్చి, "యాడ కూసుందో చూడండప్పా ముదనష్టపు కోడి! ఇబ్బుడు కదిలిస్తే గుడ్లన్నీ మురిగిపోతాయి. గుడ్లు పగిలి పిల్లలు లేసినాక రాండి" అంది. గుజిరీ ఆయన లోపలికి తొంగిచూశాడు. పొదిగే కోడిని లేపే పాపం నాకెందుకు తల్లీ అంటూ మోకులు బండిలో వేసుకుని పోయాడు. మెకానిక్కు కూడా మజ్జిగ తాగి బస్టాండు దారి పట్టాడు.

అంతటితో ఆగలేదు మా అవ్వ. కోడికి పొద్దున గింజలూ నీళ్ళూ పెట్టే పని మా నాయనకు అప్పజెప్పింది. సాయంత్రం పిల్లులు దూరకుండా జీపు మీద టార్పాలిన్ పట్టా కప్పే పని చిన్నాయనకు. ఏ పని చేయాలన్నా జీపు ఎక్కాల్సిందే. మొదట్లో ఇద్దరూ విసుక్కుంటూ చేసి దిగిపోయేవాళ్ళు. పోనుపోను మా నాయన గింజలు పెట్టి, స్టీరింగు ముందు కాసేపు కూర్చోవడం మొదలుపెట్టాడు. సీటు కింద తాత తువ్వాలు దొరికిన పొద్దున ఆయన ఎంతసేపటికీ లోపలికి రాలేదు. నన్ను పంపితే పోయి చూశాను. తువ్వాలు మొహానికి అదుముకుని ఉన్నాడు.

ఒక సాయంత్రం గాలివాన వచ్చేటట్టుంటే ఇద్దరూ ఒకేసారి పట్టా పట్టుకుని పరుగెత్తారు. కప్పడం అయ్యేసరికి వాన అందుకుంది. ఇద్దరూ ముందు సీటులోనే ఇరుక్కుపోయారు, ఒకరు స్టీరింగు దగ్గర, ఒకరు పక్కన. వాళ్ళ వెంటే పరుగెత్తి ఎక్కిన నేను వెనక సీటులో గంప పక్కన.

మాట చిన్నాయనే మొదలుపెట్టాడు. "నాకేం దీని మీద పగనా అన్నా? పెరట్లోకి వస్తే నాయన యాడికో పోయి వచ్చినట్టే ఉంటాది. మళ్ళా లేడని గుర్తొస్తాది. దినామూ చూడలేకుండా ఉండా" అని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

మా నాయన తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు. "నాకు ఆ సౌండు ఇంగొక్కసారి ఇనాలనిపిస్తాందిరా. అంతే. బాగు చేయిస్తే సౌండయితే వస్తాది. దిగేది మాత్రం నాయన కాదు కదా" అన్నాడు. ఆయనా ఏడ్చాడు. వెనక నేనెందుకు ఏడ్చానో నాకు తెలియదు గానీ, కోడి మాత్రం మా ముగ్గురి మీదా విసుక్కుని కొక్కొక్కొమంది. అప్పుడు నవ్వొచ్చింది అందరికీ.

మగ్గం అమ్మే మాట మళ్ళీ మా ఇంట్లో రాలేదు. పిల్లలు లేచాక జీపును గుజిరీ ఆయనకే ఇచ్చేద్దామని అన్నదమ్ములే కలిసి చెప్పారు. మా అమ్మ ఆ రోజు పాయసం చేసింది.

పిల్లలు లేచాయి. పెట్ట వాటిని వెంటేసుకుని పెరడంతా తిరగసాగింది. అయినా అవ్వ గంప తీయలేదు. "ఇంగొక గుడ్డు ఉండాది" అంది. అది మురిగిన గుడ్డని ఆడించి చూస్తే నాకే తెలిసింది, ఇన్ని కోళ్ళను పొదిగించిన మా అవ్వకు తెలియదా? కొన్నాళ్ళ తర్వాత ఒక పొద్దున అవ్వే ఆ గుడ్డు తీసి దిబ్బలో వేసి, జీపు బానెట్టు కొంగుతో తుడిచి, ఇంక తీసుకపోమనండి అంది. కొడుకులను కలపడానికి అవ్వ ఎంత ఎత్తు వేసిందని మా బంధువులంతా చాలాకాలం చెప్పుకున్నారు. నేనూ మొన్నటిదాకా అట్లాగే చెప్పేదాన్ని.

మా ఇంటాయన పోయి ఏడాది కాలేదు. హిందూపురంలో మా ఇంటి మెట్ల కింద ఆయన స్కూటరు ఉంది. పరిగి బడిలో పని చేసినన్నాళ్ళూ ఆయన దాని మీదే పోయి వచ్చాడు. కొత్తగా చేయిద్దామని కొడుకు, ఎందుకమ్మా ఎవరికైనా ఇచ్చేద్దామని పెనుకొండలో ఉండే కూతురు. ఫోనులో ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. నాకు మా అవ్వ గుర్తొచ్చింది. ఈ ఇరుకు ఇంట్లో కోడినెక్కడ తెచ్చేది? ఊరమిరపకాయలు చాటలో పోసి స్కూటరును ఎండ తగిలే చోటికి జరిపించి, దాని సీటు మీద పెట్టి, ఇవి ఎండేదాకా ఎవరూ దీన్ని ముట్టుకోవద్దన్నాను. వాళ్ళూ సరేనన్నారు. చల్లబడ్డారు కూడా. పోయిన ఆదివారం ఇద్దరూ వచ్చి కలిసి భోంచేసి, ఇచ్చేద్దామా ఉంచుకుందామా, నీ ఇష్టమే మా ఇష్టమమ్మా అన్నారు.

నా కొడుకు చాటలో చెయ్యి పెట్టి చూశాడు. మిరపకాయలు గలగలమన్నాయి. "ఎప్పుడో ఎండిపోయినాయి కదమ్మా, తీసేద్దునా?" అని అడిగాడు.

"ఉండనీ నాయనా, ఇంగా ఒకటి రెండు పచ్చిగా ఉండాయి" అన్నాను.