వహాకాలో పిట్టకు పెట్టుడు

ఆ రోజుల్లో నాకు రెండే భయాలుండేవి. ఒకటి, జీవితమంతా పురానాపూల్ దాటకుండానే గడిచిపోతుందేమోనని. రెండోది, బేగంబజార్‌లో మా మామ గిన్నెల దుకాణం. నిజానికి రెండూ ఒకటే భయం. మామ అంటే మా మేనత్త భర్త. ఆయనకు పిల్లలు లేరు, స్టీలు గిన్నెలున్నాయి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మా ఇంట్లో అందరి చూపూ ముందు ఆ గిన్నెల మీద, తర్వాత నా మీద పడుతూ ఉండేది. డిగ్రీ అయ్యీ కాకముందే నేను పరుగెత్తుకెళ్లి ఒక ట్రావెల్స్ ఆఫీసులో చేరిపోయింది ఆ చూపుల్ని తప్పించుకోవడానికే తప్ప ప్రపంచం చూడాలన్న గొప్ప ఆశయంతో కాదు. (ఆశయం తర్వాత పుట్టింది, పాస్‌పోర్టు చేతికొచ్చాక. దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకునేవాణ్ని.)

ఆఫీసు అంటే పెద్దగా ఊహించుకోకండి. పురానాపూల్ దగ్గర ఒక సందులో కింద పంక్చర్ల షాపు, పైన మేము. కాశీ, షిర్డీ, తిరుపతి, అజ్మీర్, ఇవే మాకు తెలిసిన దేశాలు. అలాంటిది మా యజమానికి (ఆయన్ని అందరం సారు అనేవాళ్లం) ఒకరోజు విదేశీ యాత్ర పెట్టాలన్న కోరిక పుట్టింది. దుబాయి, సింగపూర్ అందరూ తీసుకెళ్తున్నారట, ఎవరూ వెళ్లని చోటు కావాలట. వెతికి వెతికి దక్షిణ మెక్సికోలో వహాకా అనే ఊరు పట్టుకొచ్చారు. అక్కడ ఏటా పోయినవాళ్ల పండుగ జరుగుతుంది. ఆ రోజుల్లో తమ పెద్దలంతా తిరిగొస్తారని వాళ్ల నమ్మకం. సమాధుల్ని బంతిపూలతో అలంకరించి, పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి పెట్టి, అక్కడే కూర్చుని తిని, పాటలు పాడుకుంటారు. "మస్తు కల్చర్ ఉంది. బస్సు నింపు, నువ్వే టూర్ మేనేజర్‌వి," అన్నారు సారు. నింపకపోతే ఏమవుతుందని అడిగాను. "ఏమైతది? మీ మామ దుకాణం ఖాళీగనే ఉంది కదా," అన్నారు.

ఖాళీగా ఎందుకుందో చెప్పాలి. ఆ ఏడు ఎండాకాలంలో మామ పోయారు. మూడో రోజు మూసీ ఒడ్డున పిట్టకు పెట్టాం. (మా వైపు ఆచారం తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి దూరంగా జరిగి నిలబడాలి. కాకి వచ్చి ముడితే ఆ మనిషి తృప్తిగా వెళ్లినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అప్పుడు బతికున్నవాళ్లు ఆ కోరికేమిటో ఊహించి, తీరుస్తామని పైకి మాటివ్వాలి.) కాకి రాలేదు. మామ తమ్ముళ్లు ఏవేవో మాటలిచ్చారు, మా నాన్న కూడా ఇచ్చాడు. రాలేదు. చివరికి అందరూ నావైపు చూశారు. ఆ చూపు అర్థం కాని వయసేం కాదు నాది. జేబులోంచి ఫోన్ తీసి, ఏదో ముఖ్యమైన కబురు వచ్చినట్టు, తలెత్తకుండా చూసుకుంటూ నిలబడ్డాను. ఎండ నెత్తికెక్కాక విస్తరిని నీళ్లలో వదిలేసి ఇంటికొచ్చేశాం. అత్త నన్ను ఒక్క మాట కూడా అనలేదు కానీ, ఆ రోజు నుంచి ఆవిడకు సరిగ్గా నిద్ర పట్టలేదు. తెల్లారగానే డాబా మీద పిడికెడు అన్నం పెట్టి ఆకాశం వైపు చూస్తూ కూర్చునేది.

ఇక బస్సు నింపే పని. బేగంబజార్‌లో ఒక పసుపు వ్యాపారి నేను చెప్పిందంతా ఓపిగ్గా విని, "స్మశానం జూసుటానికి గంత దూరం పోవుడేంది భయ్యా? మనకు పురానాపూల్ల లేదా?" అన్నాడు. ఇంకొకాయన, "ఆడికి పోయొచ్చినంక స్నానం యాడ జేస్తరు?" అని అడిగితే నవ్వొచ్చింది. (తర్వాత నవ్వు రాలేదు.) బహదూర్‌పురాలో అత్తరు వ్యాపారం కొడుకులకు అప్పగించి ఖాళీగా ఉన్న ఒక చాచా మాత్రం వెంటనే ఒప్పుకున్నారు. "మా షబే బరాత్‌కు గిట్లనే కబర్ల మీద పూలు, దీపాలు పెడ్తం, ఇండ్లల్ల హల్వా చేస్తం బేటా. వాళ్లది ఎట్లుంటదో చూద్దాం, చలో," అన్నారు. ఆ ఉత్సాహంలో ఇంటికొచ్చి మా నాన్న ముందు నా ప్రసంగం సాధన చేస్తున్నాను. చూడ్డానికొచ్చిన అత్త పక్కన కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. "ఆ దినం అందరి పెద్దలు వస్తరా? ఏ దేశమోళ్లైనా?" అంది. నేను అమ్మకందారుల పూనకంలో ఉన్నాను. "అందరు వస్తరత్తా. వాళ్లకు వీసా గిట్ల ఏమక్కర్లే," అన్నాను. చిక్కుడుకాయ చేతిలో అలాగే ఆగిపోయింది. "అయితే నా పేరు రాస్కో," అంది. నా గొయ్యి నేనే తవ్వుకున్నానని అప్పుడు తెలియలేదు. అత్త వెళ్తోందని తెలిసి మా సందులోని అత్తలూ, చిన్నమ్మలూ, వాళ్ల వాళ్ల భర్తలూ బయలుదేరారు. బస్సు నిండింది.

వహాకాలో దిగగానే ఊరంతా బంతిపూలు. మా వాళ్లు మురిసిపోయారు. అక్కడ చక్కెరతో చేసిన పుర్రెలు అమ్ముతుంటే, హోళీకి పిల్లల మెడలో వేసే చక్కెర పేర్లనుకుని ఒక చిన్నమ్మ మనవల కోసం కొనబోయి, దగ్గరికెళ్లి చూసి, "అవ్వో!" అని వెనక్కి దూకింది. మిరపకాయలు, నువ్వులు, పల్లీలు, చాక్లెట్ కలిపి నూరి వండిన నల్లటి పులుసొకటి నోట్లో పెట్టుకుని చాచా కళ్లు మూసుకున్నారు. "మన మిర్చీ కా సాలన్‌ల ఎవడో చాక్లెట్ పడేసిండు బేటా. గని బాగనే ఉంది," అన్నారు. ఆ పూట నేను సంతోషంగా ఉన్నాను. మొత్తం యాత్రలో ఆ ఒక్క పూటే.

మా కార్యక్రమం ప్రకారం రోజుకో స్మశానం. స్మశానానికి వెళ్లొచ్చాక తల మీద నీళ్లు పడకుండా మా వాళ్లు గడప తొక్కరు. హోటలు గడపైనా గడపే కదా. మొదటి రోజు బస్సు దిగి, హోటలు ముందు వరుసగా నిలబడి, "చిన్నోడా, నీళ్లు!" అన్నారు. గదుల్లోనే స్నానాలగదులున్నాయి, ఎంచక్కా వెళ్లి పోసుకోండని బతిమాలాను. "గదిలకు పోవాలంటే లోపటికి రావాలె కదరా? మైలపడదా?" అంది అత్త. చేసేది లేక తోటకు నీళ్లు పట్టే పైపు లాక్కొచ్చి, సాయంత్రపు చలిలో, కట్టుబట్టలతో ఉన్న మా వాళ్ల తలల మీద పట్టాను. చాచా ఒక్కరే పొడిగా, అరుగు మీద కూర్చుని నవ్వుతూ చూశారు. ఆ ఊళ్లో నీళ్లకు కటకట, ట్యాంకరు వస్తేనే స్నానాలు. (ఆ ఒక్క సంగతిలోనే మా వాళ్లకు ఇల్లు గుర్తొచ్చింది.) మర్నాటికి హోటలు ట్యాంకు ఎండిపోయింది, హోటలు యజమాని నాతో మాట్లాడటం మానేశాడు. నేనే ట్యాంకరు తెప్పించాను. ఆ తర్వాతి సాయంత్రం మా స్నానాలు చూడటానికి వీధిలో జనం పోగయ్యారు. ఇది మా దేశపు పండుగ అనుకుని కొందరు ఫోటోలు కూడా తీసుకున్నారు. మా స్థానిక గైడు ఒకావిడ, ఎప్పుడూ ఎర్ర గొడుగు ఎత్తిపట్టుకుని ముందు నడుస్తుంది కాబట్టి గొడుగు మేడం అనేవాళ్లం. "మా ప్రజలకు చావంటే భయం లేదు," అని ఆవిడ ఇంగ్లిషులో గర్వంగా చెబితే నేను తెలుగులో చెప్పాను. "మాకు గూడ లేదని చెప్పు. నీళ్లే లేవు," అన్నారు మా వాళ్లు.

చివరి రోజు ఊరి బయట ఒక పల్లె స్మశానం. అది చూసుకుని మధ్యాహ్నం నేరుగా విమానాశ్రయానికి వెళ్లాలి. అక్కడి నుంచి హైదరాబాదు దాకా ఒకదాని వెంట ఒకటి విమానాలు, మొదటిది తప్పితే అన్నీ తప్పుతాయి. పొద్దున్నే సారు ఫోన్ చేసి, "ఫ్లైట్ తప్పిందనుకో, నువ్వు గూడ ఆ స్మశానంలనే పండు," అని పెట్టేశారు. అందర్నీ బస్సెక్కించి చూసుకుంటే అత్త లేదు. మళ్లీ లోపలికి పరుగెత్తాను. ఒక మూల ఎవరో ముసలావిడ తన వాళ్ల సమాధి పక్కన అత్తకు కాస్త చోటిచ్చి, అరటాకు ముక్క కూడా ఇచ్చినట్టుంది. (ఇద్దరికీ తెలిసిన మాట ఒక్కటి లేదు. ఎలా మాట్లాడుకున్నారో ఆ దేవుడికే తెలియాలి.) ఆకు మీద ఇంటి నుంచి తెచ్చిన సకినాలు, ఉస్మానియా బిస్కెట్లు, ఒక బీడీ, వెనకాల మామ ఫోటో. అత్త దూరంగా జరిగి చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"అత్తా, బస్సు పోతది," అన్నాను.

"పోనీ."

"ఫ్లైట్ పోతది అత్తా!"

"మీ మామనే పోయిండు. ఫ్లైట్ పోతే ఏంది?"

దానికి ఏం చెప్పాలో ఏ టూర్ మేనేజరుకూ నేర్పరు. చుట్టూ చెట్ల మీద నల్లటి పిట్టలు గుంపులుగా చేరి ఒకటే లొల్లి. పక్క సమాధుల మీద రొట్టెలు పొడుచుకు తింటున్నాయి కానీ మామ ఆకు వైపు ఒక్కటీ రావడం లేదు. ఇంతలో బస్సులోంచి ఒక్కొక్కరే దిగొచ్చేశారు. పిట్టకు పెట్టిన చోట మా వాళ్లను బస్సులో కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాదు. "తోక జర పొడుగున్నట్టుంది. అసలు కాకులేనా ఇవి?" అని ఒకాయనకు అనుమానం. "పరాయి దేశం కదా, ఈడ కాకులు గిట్లనే ఉంటయేమో," అని ఆయన భార్య. చాచా కళ్లద్దాలు సవరించుకుని చూసి, "నల్లగ ఉంది, దొంగ లెక్క చూస్తుంది. కాకే, ఫికర్ మత్ కరో," అని తేల్చేశారు. బయట డ్రైవరు హారన్ మోగిస్తున్నాడు. గొడుగు మేడం గొడుగు ముడిచి గడియారం చూపిస్తోంది. ఇక మా వాళ్లు మాటలివ్వడం మొదలుపెట్టారు. చుట్టరికం లేనివాళ్లు కూడా ఇచ్చారు. "అన్నా, వదినెను యాత్రలన్నీ తిప్పుతం!" "అన్నా, మీ ఇంటి ముంగట మోరీ బాగు చేయిస్తం!" పిట్టలు వినిపించుకోలేదు.

అప్పుడు అత్త నావైపు చూడకుండానే, ఫోటోతో, "నీ మనసుల ఏమున్నదో నాకెరుకే. గని ఆ మాట చెప్పేటోడు చెప్పాలె," అంది.

అందరూ నావైపు తిరిగారు. మూసీ ఒడ్డున చూసిన ఆ చూపే, విమానాలు మారి మారి ఇక్కడికీ వచ్చింది. జేబులోంచి ఫోన్ తీశాను. సిగ్నల్ లేదు. నా పరిస్థితి మీరే ఆలోచించండి. మాటివ్వకపోతే అత్త కదలదు. అత్త కదలకపోతే బస్సు కదలదు, విమానం తప్పుతుంది, ఉద్యోగం పోతుంది. అంటే ఉద్యోగం కాపాడుకోవాలంటే ఉద్యోగం మానేస్తానని మాటివ్వాలి. ఇంత దిక్కుమాలిన లెక్క నేను ఏ పరీక్షలోనూ చూడలేదు. అంత దూరం వచ్చి, ఈసారి కూడా పిట్ట ముట్టకపోతే అత్త ఏమైపోతుందోనని నిజంగా భయమేసింది.

"మామా, దుకాణంల నేను కూసుంట," అన్నాను, నాకు మాత్రమే వినపడేలా.

"గట్టిగ జెప్పు. ఆయనకు ఎడమ చెవి వినవడకపోవు," అంది అత్త.

"మామా! ఈ నౌకరీ ఇడిసిపెడ్త! బేగంబజార్ దుకాణంల నేనే కూసుంట!" అని అరిచాను. దూరంగా బాకాలు ఊదుతున్న బ్యాండువాళ్లు ఆగి నావైపు చూశారు. ఆ నిశ్శబ్దంలో ఒక నల్ల పిట్ట చెట్టు దిగి, ఆకు చుట్టూ దర్జాగా నడిచి, ఒక సకినం ముక్కున కరుచుకుని ఎగిరిపోయింది. అత్త "అయ్యో, ఒచ్చినవా!" అని అక్కడే కూలబడి ఏడ్చేసింది. ఆ ముసలావిడ ఆమెను పట్టుకుని తనూ ఏడ్చింది. నేనూ ఏడ్చాను, కాకపోతే నా కారణం వేరు. చాచా నా భుజం తట్టి, "ముబారక్ హో, దుకాందార్," అన్నారు.

బస్సు కదిలాక గొడుగు మేడం పక్కన కూర్చుని, ఆ పిట్టను మీ భాషలో ఏమంటారని అడిగాను. సనాతే అంటారట. కాకి కాదా అంటే ఆవిడ నవ్వింది. కాకి వేరట, దానికి వేరే పేరుందట, ఇది ఊళ్లో ఎక్కడపడితే అక్కడ తిరిగే వేరే పిట్టట. నేను ఒక్క గెంతులో లేచాను. అత్త దగ్గరికి వెళ్లి, అత్తా, అది కాకి కాదు, ఆ మాట చెల్లదు అని చెప్పేద్దామనే లేచాను. అత్త కిటికీకి తల ఆనించి, నోరు కొద్దిగా తెరిచి, గాఢంగా నిద్రపోతోంది. ఎండాకాలం తర్వాత ఆవిడ అలా నిద్రపోవడం అదే మొదటిసారి. కాసేపు నిలబడి, వచ్చి నా సీట్లో కూర్చున్నాను.

విమానాలన్నీ అందాయి. హైదరాబాదులో దిగగానే యాత్ర గురించి మా వాళ్లు సారుకు ఒకటే పొగడ్తలు. "నీ నౌకరీ పక్కా. ఇగ ఏటా పోదాం," అన్నారు సారు. ఆ రోజే ఆ ఉద్యోగానికి దండం పెట్టి వచ్చేశాను. ఇన్నేళ్లుగా బేగంబజార్‌లో గిన్నెల మధ్య కూర్చునే ఉన్నాను. పాస్‌పోర్టు గల్లాపెట్టెలో అడుగున పడుకుంది. రోజూ షట్టర్ ఎత్తే ముందు, ఆ పిట్ట సంగతి ఇవాళ అత్తకు చెప్పేయాలి అనుకుంటాను. ఎత్తాక ఎవరో ఒకరు ప్రెషర్ కుక్కర్ మూత కోసం వస్తారు.

మొన్న పెద్దలకు పెట్టుకునే అమావాస్య నాడు అత్త దుకాణం డాబా మీద మామ పేరున విస్తరి పెట్టింది. అలా పెట్టిందో లేదో కాకి వచ్చి వాలింది, సిసలైన బేగంబజార్ కాకి. అది చూసి నాకు ఒళ్లు మండింది. "అత్తా, ఆనాడు మెక్సికోల వచ్చింది కాకి కాదు. వేరే పిట్ట," అనేశాను, ఇన్నేళ్లకు.

అత్త కాకి మీది నుంచి చూపు మరల్చలేదు. "నాకెరుక లేదారా? కాకి తోక గంత పొడుగుంటదా?" అంది.

"మరి చెప్పవైతివి?"

"పిట్ట ఏదైతేంది, మాటైతే నువ్విచ్చినవ్. మీ మామ ఇన్నడు, నేను ఇన్న," అంది. తర్వాత కొంగుతో చేతులు తుడుచుకుని, "నీ పాస్‌పోర్టు తారీకు దాటిందట కదా, కొత్తది చేయించుకో. చాచా తుర్కీ పోదామంటుండు. నన్ను గూడ తీస్కపో. మీ మామకు ఇంకో కోరిక గూడ ఉండె, అది ఆడ చెప్త," అంది.

ఆ కోరికేమిటో, ఇంకా పెళ్లి కాని నాకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ రాత్రి గల్లాపెట్టెలోంచి పాస్‌పోర్టు తీసి చూశాను. అందులో ఒక బక్కపల్చటి కుర్రాడు, ఇక తనను ఎవరూ పట్టుకోలేరన్నట్టు ఛాతీ విరిచి చూస్తున్నాడు. పాపం, వాణ్ని చూస్తే నవ్వొచ్చింది, కొంచెం బెంగ కూడా వేసింది. కొత్త పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టాను. తుర్కీలో కాకులుంటాయా అని కూడా వాకబు చేశాను. ఉంటాయట, అచ్చం మన కాకుల్లాంటివే. అందుకే టికెట్లు ఇంకా తీయలేదు.