గడ్డి కూరిన దూడ

“చచ్చిపోయిన జాతిని మళ్ళీ పుట్టించి ఏం చేసుకుంటారు టీచరుగారూ? ఉన్నవాటికే దిక్కు లేదు,” అన్నాను నేను.

“చంపింది మనమే కదండీ వదినగారూ. దిద్దుకునే దారి దొరికితే వద్దంటారేంటి?” అన్నారామె, పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుంటూ.

మన దేశంలో ఎప్పుడో వేటాడి రూపుమాపిన చీతాను చిరుతపులి కడుపున మళ్ళీ పుట్టించవచ్చని ఆ రోజు పేపర్లో పడింది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. ఇవాళ శనగపప్పు పొట్లం విప్పుతుంటే పాత పేపరు వాసన తగిలి ఆ సాయంత్రం గుర్తొచ్చింది.

సుశీల టీచరుగారు జగ్గయ్యపేట ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాక, నందిగామలో మా ఇంటి వెనక గదిలో అద్దెకు దిగారు. ఆమె పెళ్ళి చేసుకోలేదు. మా ఆయన పోయి అప్పటికే చాలాకాలమైంది. నేను మూడో తరగతితో బడి మానినదాన్ని. ఇంట్లో రెండో లైటు వేస్తే ఊరుకోను, కబుర్లకు కూర్చునే మనిషినీ కాను. ఆమె మాత్రం రోజూ సాయంత్రం, ఇంటికి వేయించుకునే పేపరు పట్టుకొచ్చి పాక దగ్గర పీట వేసుకునేవారు. నేను గేదెకు మేత వేస్తుంటే పెద్దగా చదివి, మీకేమనిపిస్తోందని అడిగేవారు. పుట్టింట్లో గాని అత్తింట్లో గాని నన్నా మాట అడిగినవాళ్ళు లేరు. నాకేం తెలుసునని తప్పించుకోబోతే, తెలిసింది కాదు, అనిపించింది చెప్పమనేవారు. పోనుపోను ఆమెకే ఎదురు చెప్పేంతదాన్నయ్యాను.

ఆ రోజు నా మనసు వేరే చోట ఉంది. మైలవరంలో ఆమె తమ్ముడి భార్య పోయింది. ఇల్లు చూసుకోవడానికి వచ్చెయ్యమని తమ్ముడు కబురు పెట్టాడు. మర్నాడే ప్రయాణం. ఉండిపొమ్మని అడగాలని పొద్దుటినుంచీ అనుకుంటున్నా నోరు రాలేదు. చీతా మీద మాత్రం ఎంతైనా వచ్చింది.

గరికపాడు రోడ్డు పక్కన చచ్చిన గొడ్డు మీద ఒకప్పుడు గుంపుగా వాలే రాబందులు ఇప్పుడు కనబడటం లేదని, వాటినే నిలుపుకోలేనివాళ్ళు పోయినదాని మీద డబ్బు పొయ్యడమేమిటని దెప్పాను. ఆ విద్య పట్టుబడితే రేపు రాబందులకూ పనికొస్తుందని, వేటాడేది ఉంటేనే జింకలు అదుపులో ఉండి బీళ్ళలో పచ్చిక మిగులుతుందని ఆమె నచ్చజెప్పారు. నిజమేననిపించినా తగ్గలేదు. పోయినదాన్ని తెచ్చుకోవచ్చని తెలిస్తే ఉన్నదాన్ని చంపడానికి ఎవడూ వెనకాడడన్నాను.

“పుట్టిందే అనుకోండి. దానికి వేట నేర్పే తల్లేదీ? తోడు తిరిగే జాతేదీ? ఒక్కదాన్ని అట్లా నిలబెట్టి చూసుకోవడం మన ముచ్చటకేగా?”

ఆమె గేదె వైపు చూశారు. కొన్నాళ్ళ ముందు దాని దూడ చచ్చిపోతే, పాలు ఆగిపోతాయని, తోలు ఒలిపించి ఎండుగడ్డి కూరి కుట్టించాను. పాలు పితికే వేళకు ఆ బొమ్మను ముందు నిలబెడితే గేదె దాన్ని నాకుతూ చేపేది.

“మరి ఇదేంటి వదినగారూ?”

“గొడ్డుకేం తెలుస్తుందండీ. తన దూడే అనుకుంటుంది.”

“దానికి తెలుసు. వాసన చూసి కాసేపు ఆగుతుంది, రోజూ చూస్తున్నాగా. తెలిసే నాకుతుంది. ఏమీ లేనిచోట ఏదో ఒకటి ఉండనీ అని.”

విసురుగా లేచి తవుడు కలపడానికి వెళ్ళిపోయాను. అడగాలనుకున్న మాట అట్లాగే ఉండిపోయింది.

మా ఇద్దరిలో ఎవరిది సబబో ఇన్నేళ్ళయినా తేల్చుకోలేదు. అట్లా ఒక చీతా పుట్టాలనీ అనిపిస్తుంది, పుట్టి ఏం సుఖపడుతుందనీ అనిపిస్తుంది. అడిగేవాళ్ళు లేకపోయినా అనిపించడం మానలేదు. అది ఆమె పెట్టిన అలవాటే.

మర్నాడు పొద్దున ఆమె గది ఊడ్చి తాళంచెవి ఇచ్చారు. సంచి అందుకుని బస్టాండు దాకా వెళ్ళాను. మైలవరం బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నారు. పేపరు మాన్పించడం మర్చిపోయానన్నారు. మాన్పించవద్దులెండి అన్నాను. బస్సు కదిలింది. ఇంటికొచ్చేసరికి పేపరు గుమ్మంలో పడి ఉంది. తీసి, అరుగు మీద కూర్చుని, కూడబలుక్కుంటూ మొదలుపెట్టాను. ఎండెక్కేసరికి మొదటి పేజీ అయింది.