వెనక గోడకు అంటించిన కాగితాలు

1983 జూలై, విశాఖపట్నం. సివిల్ డిప్లొమా చేతికొచ్చి ఏడాది దాటినా ఉక్కు కర్మాగారం పనుల్లో నాకు చోటు దొరకలేదు. అప్పుడే విశ్వవిద్యాలయంలో బడుల భద్రత, తరగతి నిర్వహణ మీద ఒక పరిశోధన మొదలైంది. కొలతలు తెలిసిన కుర్రాడు కావాలంటే ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గా చేరాను. బడికి వెళ్ళడం, చూడడం, ఫారం నింపడం: ఇంతే పని.

ఫారాలు రెండు. మొదటిది ఆబ్జర్వేషన్ షెడ్యూల్, అంటే తరగతి జరుగుతుండగా పిల్లలు ఏం చేస్తున్నారో నిమిషానికోసారి చూసి గీతలు పెట్టే పట్టిక. చోటు మారితే ఒక గీత, పక్కవాళ్ళతో గొడవపడితే ఒక గీత. గీతలు పెరిగే కొద్దీ టీచరుకు మార్కులు తగ్గుతాయి. రెండోది సేఫ్టీ ఫారం: పైకప్పు, గోడలు, ద్వారాలు, మంచినీళ్ళు. దాన్ని హెడ్మాస్టరును అడిగి నింపాలి. నాకు ఇంకొక నియమం కూడా ఉండేది. గది చివర, వెనక గోడకు ఆనుకుని కదలకుండా కూర్చోవాలి. నేనున్నానన్న సంగతి తరగతి మరిచిపోవాలి.

మల్కాపురం అవతల, రిఫైనరీ పొగ కనిపించే సందులో ఒక ప్రైవేటు బడి. పెంకుల షెడ్డు. నాలుగో తరగతి సత్యవతి టీచరుది. లోపలికి వెళ్ళగానే మూడు సంగతులు రాసుకున్నాను. వెనక మూడు వరసల బెంచీలు ఖాళీ. నలభై ఆరుగురు పిల్లలు ముందు బెంచీల్లో ఇరుక్కున్నారు. వెనక గోడ మీద అక్కడక్కడా నోటుబుక్కు కాగితపు ముక్కలు గంజితో అంటించి ఉన్నాయి, కొన్ని చిరిగిపోయాయి. పిల్లల అల్లరి అనుకుని, 'గోడల శుభ్రత' ఎదురుగా 'లేదు' అని రాశాను.

వెనక కూర్చోబోతుంటే టీచరు గబగబా వచ్చింది.

"అక్కడొద్దు బాబూ, ముందుకి రండి. అక్కడ గాలాడదు."

"ఫరవాలేదండీ. రూలు ప్రకారం ఇక్కడే కూర్చోవాలి."

"నా కుర్చీ ఇస్తాను. రండి బాబూ."

గుమ్మంలో హెడ్మాస్టరు నిలబడి ఉన్నాడు. "సదువుకున్న కుర్రోడమ్మా, ఎక్కడ కూకోవాలో ఆయనకి తెలీదేటి? మీరు పాఠం సెప్పండి" అని నవ్వాడు. ఆమె ఒకసారి ఆయన వైపు, ఒకసారి నా వెనక గోడ వైపు చూసి బోర్డు దగ్గరికి వెళ్ళిపోయింది. 'పరిశీలకుడి చోటు మార్చడానికి టీచరు రెండుసార్లు ప్రయత్నించారు' అని ఫారం అడుగున రాశాను.

మూడు రోజులు అక్కడే కూర్చున్నాను. ఇద్దరి బెంచీలో నలుగురుంటే మోచేతులు తగలక మానవు.

"ఒసే, జరగవే!"

"ఏటి జరిగేది, నీ తలకాయ? పోయి ఎనక్కూకో!"

"అమ్మో, టీచరు సంపేత్తాది!"

కిసుక్కున నవ్వులు. ఆ చివరి గొంతు పైడితల్లిది. సముద్రం మీద వేటకెళ్ళే అప్పలరాజు కూతురు. తరగతిలో అందరికన్నా గట్టిగా మాట్లాడేది, అందరికన్నా ఎక్కువ గీతలూ ఆ పిల్లకే పడ్డాయి.

సేఫ్టీ ఫారం హెడ్మాస్టరు గదిలో టీ తాగుతూ నింపాం. గోడలు? గట్టివి. పైకప్పు? మొన్ననే సర్దించాం. అయిదు నిమిషాలు పట్టింది. తర్వాత ఆయన, "మా టీచర్లు ఎలాగున్నారో మాకూ తెలియాలి గదా" అన్నాడు. మార్కులు ఎవరికీ చూపకూడదు. అయినా మొహమాటపడి నకలు ఇచ్చేశాను. అందరికన్నా తక్కువ మార్కులు సత్యవతి టీచరువి.

నవంబరులో, వారం రోజుల వానల తర్వాత, రెండో విడత పరిశీలనకు వెళ్ళాను. షెడ్డుకు వెనక గోడ లేదు.

నాలుగు రోజుల కిందట, పాఠం జరుగుతుండగానే కూలిందట. నేనిచ్చిన మార్కులు చూపించి ఆగస్టులోనే సత్యవతి టీచరును తీసేశారు. కొత్తగా వచ్చినామె ఖాళీ బెంచీలు నింపి పిల్లల్ని వరసగా కూర్చోబెట్టింది. నేను చూసి ఉంటే ఆమెకు మంచి మార్కులే వేసేవాణ్ణి. చాలామంది చిన్న దెబ్బలతో బయటపడ్డారు. ఆఖరి బెంచీలో ఉన్న పైడితల్లికి కుడికాలు మోకాలి కింద తీసేశారు.

ఇటుకల కుప్పలో కాగితపు ముక్కలు ఇంకా అంటుకుని ఉన్నాయి. ఒకదాని మీద గుండ్రటి అక్షరాలతో 'జూన్ 20' అని ఉంది. ఇంకొకదాని మీద 'జూలై 2, చిరిగింది'. పాలిటెక్నిక్‌లో దీన్ని టెల్-టేల్ అని చెప్పారు: బీటకు అడ్డంగా సన్నటి గాజుపట్టీ అతికిస్తే, బీట పెరిగిన రోజు అది పగులుతుంది. పరీక్షలో బొమ్మ గీసి మరీ జవాబు రాశాను. ఆమె గాజుకు బదులు కాగితం వాడింది, నేను పోల్చుకోలేదు.

టీచరు పద్మనాభంలో అన్నగారింట్లో ఉందని తెలిసి వెళ్ళాను. విషయం ఆమెకు అప్పటికే తెలుసు.

"గోడ బీటల గురించి హెడ్మాస్టరుకి రెండుసార్లు రాసిచ్చాను. బయట చెప్తే బడికి గుర్తింపు పోద్ది, మీ ఉద్యోగమూ పోద్ది అన్నాడు" అంది. తర్వాత, "మీరు ఇంజనీరింగు చదివినోరు గదా, ఒక్కసారి ఎనక్కి తిరిగి చూస్తారనుకున్నాను. నాను నోరు తెరిచి చెప్పాల్సింది" అంది. ఆ తప్పు మీది కాదండీ అన్నాను.

అప్పలరాజు ఇంటికీ వెళ్ళాను. అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. నా చేతిలో ఫైలు చూశాడు.

"ఏటి బాబూ, మళ్ళీ రాసుకోడానికొచ్చావా? కదిలితే గీత పెడతావంట గదా, మా పిల్ల సెప్పింది." వల మీంచి కళ్ళెత్తలేదు. "ఇంక కదల్దులే. గీత పెట్టక్కర్లేదు."

కాగితపు ముక్కలూ, నా రెండు ఫారాలూ, నకలు ఇచ్చిన సంగతీ ప్రొఫెసరుగారి ముందు పెట్టాను.  ఆయన సేఫ్టీ ఫారం ఇకపై గదిలోనే, గోడ ముట్టుకుని నింపాలన్నారు. గీతల పట్టికలో 'ఎందుకు' అని ఒక గడి చేర్చారు. సత్యవతి టీచరును ఎవరూ తిరిగి పిలవలేదు.

అయిదేళ్ళయింది. ఇప్పుడు నాది పాత కట్టడాలు తనిఖీ చేసే పని. జాబితాలు ఇంకా రాస్తూనే ఉన్నాను, కానీ టేపు తీసే ముందు ఆ గదిలో రోజూ ఉండేవాళ్ళని ఒక మాట అడుగుతాను: "ఇక్కడ మీరు కూర్చోని చోటు ఏది?"

ముందు అక్కడికే వెళ్ళి గోడకు ఎదురుగా నిలబడతాను.